మూతకి కాళ్ళుంటాయి

మా డాక్టర్ ఫెరెసిటా నసోలో ఎవర్నీ నమ్మదు. ఎవర్నీ అంటే మనుషుల్నని మీరనుకుంటే పొరపాటు. ఆ జాబితాలో మనుషులు చివర వస్తారు. మొదట థర్మామీటర్లు, తర్వాత మూతలు, ఆ తర్వాత శుభవార్తలు.

కంపాలాలో ఆవిడ ప్రయోగశాలలో పదకొండేళ్ళుగా టెక్నీషియన్ని నేను. పేరు ముబీరు. కణాల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ నా చేతి కింద ఉంటుంది. అందులో మూడు థర్మామీటర్లున్నాయి. మొదటిది వేడి చూపిస్తుంది. మొదటిది అబద్ధమాడుతోందేమో చూడ్డానికి రెండోది. మొదటిదీ రెండోదీ కూడబలుక్కున్నాయేమోనని మూడోది. నాలుగోది కావాలని పై ఆఫీసుకి కాగితం పెట్టింది గాని, వాళ్ళు దాన్ని నవ్వులాట అనుకున్నారు.

బోడా, అంటే కిరాయి మోటారుసైకిలు, ఎక్కేముందు బండివాణ్ణి కిందికి దింపి, బ్రేకు తనే నొక్కి చూస్తుంది. "ఇరవయ్యేళ్ళ నుంచి ఇదే బండమ్మా, ఏం కాదు," అన్నాడొకడు. "అంటే ఇరవయ్యేళ్ళ బ్రేకు," అని ఎండలో నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఒకసారి అందరం కలిసి ఆవిడ పుట్టినరోజుకి కేకు తెచ్చాం. కేకు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది.

"ఈ రోజని ఎవరు చెప్పారు?"

"మీ ఫైల్లో ఉంది డాక్టరమ్మా."

"ఫైల్లో ఎవరు రాశారు?"

"మీరే."

"నాకు మా అమ్మ చెప్పింది. నేను స్వయంగా చూసిందేం లేదు," అని ముక్క తీసుకుంది. మేమంతా తిన్నాక తను తింది.

"చూశావా" అన్నమాటే ఆవిడ ఊతపదం. వాన పడుతోందంటే "నువ్వు చూశావా?" కరెంటు పోయిందంటే, చీకట్లో నిలబడి కూడా, "నువ్వు చూశావా?"

మూతల సంగతిలో మాత్రం తప్పు నాది. చేరిన కొత్తలో ఒకసారి కణాలు పెరిగే డిష్‌ల పేర్లు మూతల మీద రాశాను. ద్రవం మార్చేటప్పుడు ఆరు మూతలూ తీసి పక్కన పెట్టాను, మళ్ళీ పెట్టాను. ఏ మూత ఏ డిష్‌దో ఆ దేవుడికే తెలియాలి. డాక్టరమ్మ మూడు నెలల పని బకెట్లో పోసింది. తిట్టలేదు. "ముబీరూ, మూతని నమ్మకు. మూతకి కాళ్ళుంటాయి. పేరెప్పుడూ అడుగున రాయి," అంది. ఆ మాట ఆ రోజు నుంచి వారానికి రెండుసార్లు చొప్పున వింటూనే ఉన్నాను. మా ఇంట్లో కూర గిన్నెల అడుగున కూడా పేర్లుంటాయి. మా ఆవిడ దీని గురించి నాతో మాట్లాడడం మానేసింది.

ఇంతకీ ఆవిడ చేసే పనేమిటంటే, కడుపులో బిడ్డకి ఊపిరితిత్తులు ఎలా తయారవుతాయో చూడ్డం. ఏ అవయవంగానైనా మారగల మూలకణాల్ని తెచ్చి, రోజుకో రకం మేత పెట్టి, బుజ్జగించి, యాభై రోజుల్లో వాటిని చిన్న చిన్న గాలితిత్తులుగా మారుస్తారు. అసలు తిత్తుల లోపల ఒక నున్నటి పూత ఉంటుంది. అది లేకపోతే అవి తడిసిన ప్లాస్టిక్ కవర్లలా అతుక్కుపోయి గాలి లోపలికి పోదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి లేనిది ఆ పూతే.

ఆ పూతని డిష్‌లో పుట్టించిన పిల్ల స్టెల్లా అదెకె. సొరోటి వైపు నుంచి చదువుకోడానికి వచ్చింది. మొదటిసారి పూత కనిపించిన రోజున పరిగెత్తుకొచ్చింది.

"మేడమ్, వచ్చింది."

"దుమ్మయ్యుంటుంది."

రెండోసారీ వచ్చింది. "దుమ్ముకి పట్టుదల ఎక్కువ. ఇంకోసారి చెయ్యి," అంది డాక్టరమ్మ. మూడోసారికి అదెకె ఏడో నెల కడుపుతో ఉంది, ఉపకారవేతనం డిసెంబరుతో ఆఖరు. పన్నెండు డిష్‌లు. ఇవి యాభయ్యో రోజు దాకా బతికితే అదెకెకి డాక్టరేటు, చస్తే నాలుగేళ్ళ చదువు బూడిదలో పోసినట్టే. మళ్ళీ మొదలుపెట్టే వ్యవధి లేదు.

ఇక ఆకుపచ్చ పుస్తకం. డాక్టరమ్మ కోటు జేబులో చిన్న నోటుపుస్తకం ఉండేది. మనింటి కబుర్లు అడుగుతుంది, వెనక్కి తిరిగి అందులో ఏదో రాసుకుంటుంది. మేం దాన్ని నేరాల పుస్తకం అనేవాళ్ళం. పై ఆఫీసుకి చాడీలు అందులోంచే పోతాయని మా నమ్మకం.

"ముబీరూ, మీ మేనల్లుడి క్వాంజులా ఎప్పుడు?"

"శనివారం డాక్టరమ్మా." రాసుకుంది.

"ఎక్కడ?"

"మసాకా అవతల." రాసుకుంది.

"మీ వైపు మాట్లాడేది నువ్వేనా? మేకని కోస్తారా?"

క్వాంజులా అంటే పిల్లనడిగే వేడుక, అందులో మేక సంగతి ఈవిడకెందుకు? నా ఉద్యోగానికి ఏదో మూడిందని అనుమానం పట్టుకుంది.

ఆ మంగళవారమే అదెకెని డిష్‌ల దగ్గరే పట్టుకుంది.

"ఉంగరం ఏది?"

"వేలికి పట్టడం లేదు మేడమ్. మామూలేనట."

"ఎవరన్నారు?"

"మా అత్తయ్య."

"మీ అత్తయ్యేమన్నా బీపీ మిషనా? డిష్‌లు వదిలెయ్. బ్యాగు తీసుకుని బయటికి నడు."

అదెకె ఏడుస్తూ వెళ్ళింది, వెనకాలే ఈవిడ కారు గేటు దాటింది. మధ్యాహ్నానికల్లా మేం ముగ్గురం టెక్నీషియన్లం టీ దగ్గర తీర్పు చెప్పేశాం. పని పండే వేళకి పిల్లని తరిమేసింది, పండు తన పేరున రాసుకుంటుంది. గురువారం అదెకెకి ఏడు నెలలకే ఆడపిల్ల పుట్టిందని తెలిసి, ఆ పాపం కూడా ఈవిడ ఖాతాలోనే వేశాం.

సాయంత్రం అదెకె ఫోను చేసింది. ఏడుపులో సగం మాటలు అర్థం కాలేదు. "అన్నా, డిష్‌లు..." అన్నది మాత్రం అర్థమైంది.

"నేనున్నాను కదమ్మా. రోజూ నా చేత్తో మేత మారుస్తాను. ఆవిణ్ణి దగ్గరికి కూడా రానివ్వను."

కణాలకి ఆదివారం లేదు. రోజూ పాత ద్రవం తీసి కొత్తది పొయ్యాల్సిందే. కొత్తది ఎర్రగా ఉంటుంది, ఆలస్యమైతే పసుపుపచ్చకి తిరుగుతుంది, ఆ తర్వాత చావే. శనివారం తెల్లారకుండా వచ్చి మార్చాను. ఇంక్యుబేటర్ తలుపుకి కాగితం టేపు అతికించాను. అది కూడా ఆవిడ నియమమే, ఎవరు మూసినా టేపు వెయ్యాలి. ఆదివారం మధ్యాహ్నానికి తిరిగొస్తానని లెక్క వేసుకుని మసాకా బస్సెక్కాను.

క్వాంజులాలో ఆడపెళ్ళివారి మాటకారి మమ్మల్ని చాపల మీద కూర్చోబెట్టి, మీరెవరు, ఎందుకొచ్చారు, దారి తప్పారా అని గంటన్నర సాధించాడు. పాపం, నేను డాక్టర్ నసోలో దగ్గర పదకొండేళ్ళు పనిచేశానని అతనికి తెలీదు. ప్రతి ప్రశ్నకీ ఇంకో ప్రశ్న వేశాను. చివరికి అతనే చెమటలు తుడుచుకుని పిల్లనిచ్చేశాడు. మా వాళ్ళు నన్ను భుజాల మీద మోశారు. ఆదివారం కూడా కదలనివ్వలేదు. మటోకె అరటికాయ ముద్ద, వేరుశనగ పులుసు, మేకమాంసం, మళ్ళీ మేకమాంసం. సాయంత్రం మా అక్క పాషన్ పండ్ల రసం గ్లాసు చేతికిచ్చింది. చక్కటి పసుపుపచ్చ. చూస్తూనే డిష్‌లు గుర్తొచ్చి నా పైప్రాణాలు పైకే పోయాయి.

ఆ పల్లెనుంచి మళ్ళీ బండి సోమవారం పొద్దునే. దారంతా అదెకె మొహమే కళ్ళముందు.

ప్రయోగశాలకి వెళ్ళేసరికి ఇంక్యుబేటర్ తలుపుకి టేపు ఉంది. తలుపు తీస్తే పన్నెండు డిష్‌లూ ఎర్రగా ఉన్నాయి. సాగిలపడి మొక్కుదామనుకుని, ఆగి, టేపు మళ్ళీ చూశాను. నేనేసే టేపు ఎప్పుడూ వంకరే. ఇది స్కేలు పెట్టి గీసినట్టుంది. అంత తిన్నగా టేపు వేసే మనిషి ఈ భవనంలో ఒక్కరే ఉన్నారు. అంటే దొంగ దొరికినట్టే. నేను లేనప్పుడు వచ్చి అదెకె డిష్‌లని ఏదో చేసింది.

వెనకనుంచి గొంతు వినిపించింది. "నిన్న మార్చావా?"

"మార్చాను," అన్నాను. నోరు దానంతటదే అనేసింది.

"ఎర్రగా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"సరే," అని వెళ్ళిపోయింది.

పదకొండేళ్ళలో ఆవిడ నోట "సరే" వినలేదు. చీకట్లో నిలబడి కరెంటు పోయిందంటే నమ్మని మనిషి, నా అబద్ధాన్ని ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా నమ్మింది. దీనికన్నా ఉద్యోగం పీకేసినా బావుండేది. గంటసేపు పని చేస్తున్నట్టు నటించి, ఆవిడ గదికి వెళ్ళాను.

"డాక్టరమ్మా, నిన్న నేను రాలేదు."

"తెలుసు."

"మరి సరే అన్నారు?"

"ఎంతసేపటికి వచ్చి చెప్తావో చూద్దామని. మధ్యాహ్నం దాకా పడుతుందనుకున్నాను," అని ఆకుపచ్చ పుస్తకం నా ముందుకి తోసింది. "చదువు."

"శనివారం. ముబీరు మేనల్లుడి క్వాంజులా. మసాకా అవతల. మాట్లాడేది తనే. మేక ఉంది. ఆదివారం వస్తానంటాడు. రాడు." దాని కింద, "నేనొచ్చాను. పన్నెండు డిష్‌లు. ఎరుపు."

సిగ్గుతో పేజీ వెనక్కి తిప్పాను. "మంగళవారం. అదెకెకి ఉంగరం పట్టడం లేదు. మొహం ఉబ్బింది. అత్తయ్య మామూలే అందట. నమ్మను. ఆస్పత్రికి తీసుకెళ్ళాను. బీపీ నూట డెబ్బై. బిడ్డ ఎక్కువ రోజులు ఆగదు. ఊపిరితిత్తుల ఇంజెక్షన్ మధ్యాహ్నం రెండు గంటలకి ఒకటి. బుధవారం అదే వేళకి రెండోది. రెండూ నేనే చూశాను."

కాన్పుకి ముందు తల్లికి ఆ రెండు ఇంజెక్షన్లూ పడితే కడుపులో బిడ్డ తిత్తులకి పూత తొందరగా ఊరుతుంది. మేం టీ తాగుతూ ఈవిడకి శిక్ష వేస్తున్నప్పుడు, ఈవిడ అక్కడ సూది పక్కన నిలబడి ఉంది.

ఇంకా వెనక్కి తిప్పాను. మా అమ్మాయికి తట్టు పోసిన ఆదివారం. సాటి టెక్నీషియన్ ఒచెన్ తల్లి పోయిన ఆదివారం. ఎవరి వంతున ఎవరు రాలేరని ఆవిడకి అనుమానం వచ్చిందో అన్నీ ఉన్నాయి, ప్రతిదాని కిందా "నేనొచ్చాను". సోమవారం డిష్‌లు ఎర్రగా కనిపిస్తే పక్కవాడు మార్చి ఉంటాడని ఎవరికి వాళ్ళం నోరు మూసుకున్న రోజులవి.

"మాకు చెప్పొచ్చు కదా డాక్టరమ్మా."

"చెప్తే ఒక్కరైనా ఆదివారం వస్తారా?"

ఆ అనుమానం కూడా నిజమే. నాకు ఆవిణ్ణి చూస్తే చాలా ముచ్చటేసింది, ఆ మాట మాత్రం అనలేదు. అంటే ఎందుకని అడుగుతుంది.

యాభయ్యో రోజున పూత మళ్ళీ వచ్చింది. ఇద్దరం ఆస్పత్రికి వెళ్ళాం. అదెకె బిడ్డని గుండెకి ఆనించి గుడ్డతో కట్టుకుని కూర్చుంది. గాలి గొట్టం తీసేసి రెండు రోజులైందట.

"వచ్చింది," అంది డాక్టరమ్మ.

అదెకె ఆవిడ మొహంలోకి చూసింది. "మీరు చూశారా మేడమ్?"

"మూడుసార్లు. దుమ్ము కాదు. రాసుకో."

అదెకె ఏడవబోయి నవ్వింది. డాక్టరమ్మ అప్పటికే బిడ్డ మీదికి వంగి, కళ్ళు చిట్లించి చూస్తోంది. ఊలు టోపీ మీద తల్లి పేరు రాసి ఉంది.

"సిస్టర్, పేరు ఇక్కడ రాశారేం?"

"కాలి పట్టీ ఊడిపోయిందమ్మా, ఇంకోటి వేస్తాం. ఈలోగా టోపీ ఉంది కదా."

"టోపీలు ఉతుకుతారా?"

"రోజూ."

"అందరివీ కలిపా?"

"కలిపే."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. నా వంతని అర్థమైంది. "సిస్టర్, టోపీని నమ్మకండి. టోపీకి కాళ్ళుంటాయి. పేరు అడుగున రాయాలి," అన్నాను.

సిస్టర్ మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, పట్టీ తెచ్చి బిడ్డ కాలికి కట్టింది. డాక్టరమ్మ దగ్గరుండి అక్షరం అక్షరం సరిచూసింది. తర్వాత కుర్చీ లాక్కుని, చేతి గడియారం బల్ల మీద పెట్టి, పక్కనే నాది కూడా తీయించి పెట్టి, బిడ్డ వీపుకేసి చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఆకుపచ్చ పుస్తకం తీసి ఏదో రాసింది. ఈసారి దాచుకోలేదు. నేను వంగి చదివాను.

"అదెకె కూతురు. ఊపిరి నిమిషానికి నలభై ఎనిమిది. బాగుంది. నేనే చూశాను."