బూటు కింద మేకులు

ఒరే పండూ,

పిగిలిన చోట కుట్టించమని నువ్వు విజయనగరం నుంచి పంపిన పరుగుపందెం బూట్లు ఈ రోజు అందాయి. తిరగేస్తే కింద అన్నీ మేకులే. వాటిని పీకించేద్దామని చెప్పులు కుట్టేవాడి దగ్గరికి బయలుదేరితే మీ చెల్లి అడ్డుపడింది.

“ఓలమ్మా, అవి నేలని పట్టుకోడానికే! పీకేస్తే అన్నియ్య జారిపోడేటి? ఈ పందెం గెలిస్తేనే కదా ఐదరాబాదు పంపుతారు!”

“కాల్లో మేకు దిగే కదే మీ పెద్దన్నియ్య పోనాడు?”

అది ఏడ్చింది గానీ బూట్లు వదల్లేదు. చివరికి పిగిలినది మాత్రమే కుట్టించాను, రేపు బస్సులో పంపుతాను. నీ పక్కన పరిగెత్తేవాళ్ళకీ మేకులుంటాయట. ఎవరి కాలూ నీ కాలి మీద పడకుండా అందరికన్నా ముందే ఉండు. నవ్వకు, జవాబు రాయి. వేళకి కడుపునిండా తిను.