డెక్ కింద కదలని కాగితం

2022 నవంబర్ మొదటి వారం. ప్లెయిన్స్‌బరోలో శ్రీధర్‌గారింటి వెనక అరుగులాంటి చెక్క డెక్ కింద గ్రౌండ్‌హాగ్ బొరియ ఉందని నన్ను పిలిచారు. ఇళ్ల దగ్గర చేరిన అడవి జంతువులను చంపకుండా పంపించడం నా ఉద్యోగం. గ్రౌండ్‌హాగ్ అంటే ఉడుతకు పెదనాన్న లాంటిది. పొట్టి కాళ్లు, పెద్ద పొట్ట, ఒట్టి తిండిపోతు.

డెక్ పీకేసి శనివారం కాంక్రీట్ పోయిస్తున్నారు. బొరియ ఖాళీ అని నేను సంతకం పెట్టాలి. లోపల జంతువుంటే నా సంతకంతో దాన్ని బతికుండగానే పాతేసినట్టే.

మేం చేసేది పేపర్ టెస్ట్. బొరియకున్న రెండు నోళ్లలోనూ న్యూస్‌పేపర్ ఉండలు వదులుగా కూరతాం. లోపలున్నది తిండికి వస్తూ వాటిని తోసేస్తుంది. మూడు రోజులు కదలకపోతే ఖాళీ కిందే లెక్క. సోమవారం పెట్టాను. గురువారం చూస్తే రెండూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

నేను ఫారం తీస్తుంటే శ్రీధర్‌గారి అమ్మ సత్యవతిగారు వంటింటి తలుపు తీసి, "అమ్మాయ్, అది లోపలే ఉంది" అన్నారు.

"లేదాంటీ. ఉంటే పేపర్ తోసేసేది." పన్నెండేళ్ల సర్వీసు నాది. కాస్త విసుగ్గానే అన్నాను.

"పోయిన వారమంతా ఎండుటాకులు నోట కరుచుకుని లోపలికి మోసింది. పొట్ట నేలకి రాసుకుంటోంది. ఆదివారం లోపలికి పోయింది, మళ్లీ రాలేదు. కాన్పుకేమో అనుకున్నా."

తీసిన ఫారం మళ్లీ మడిచేశాను. వీటి కాన్పులు వసంతంలో. ఇది హైబర్నేషన్, అంటే చలికాలపు నిద్ర. వేసవంతా మేసి కొవ్వు పట్టించి, ఆకుల పరుపు వేసుకుని, తిండీ నీళ్లూ లేకుండా నెలల తరబడి పడుకుంటుంది. తోసేదే నిద్రపోతుంటే కాగితం ఎలా కదులుతుంది? తెలిసిన సంగతే, తోచలేదు. సిగ్గేసింది.

"సంతకం పెట్టలేనండీ. ఆగస్టులో అయితే వసంతంలో పుట్టే పిల్లలు కూడా పెద్దవై వెళ్లిపోతాయి, అప్పుడు దీన్ని పంపేద్దాం," అన్నాను శ్రీధర్‌గారితో.

శ్రీధర్‌గారు మండిపడ్డారు. "అమ్మ కిటికీలోంచి ఏదో చూసిందని కాంక్రీట్ క్యాన్సిల్ చేయాలా? మీ టెస్టే ఖాళీ అంటోంది కదండీ!"

"నీ కాంక్రీట్ ఎక్కడికీ పోదులేరా," అన్నారావిడ.

ఉండలు అలాగే వదిలేసి వచ్చాను. చలికాలమంతా నాకూ అనుమానమే. ఖాళీ బొరియ కోసం ఆయన పని చెడగొట్టానేమోనని.

మార్చిలో ఫోన్ వచ్చింది. "అమ్మాయ్, నీ కాగితం పెరట్లో పడుంది. అది ఎండలో కూర్చుంది. ఎంత చిక్కిపోయిందో పాపం!"

ఆ రోజు నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఇప్పుడు ఎవరింటికెళ్లినా, వ్యాన్‌లోంచి సామాను దించకముందే ఒక మాట అడుగుతాను: "పగలంతా ఇంట్లో ఎవరుంటారండీ?"