మా పటానికి వేలం పాట

మా ఇంట్లో వేలం పాట అంటే వినాయకుడి లడ్డు. ఏటా మా ఆయన గల్లీ మండపం ముందు కుర్చీ వేసుకుని పాడతాడు, ఏటా ఎవరో ఒకరు ఆయన్ని దాటిపోతారు. ఉత్త చేతులతో ఇంటికొచ్చి, "ఈసారి కావాలనే ఇడిసిపెట్టిన" అంటాడు. ఇన్నేళ్ల ఓటమిలోంచి ఆయన ఒక సూత్రం పట్టుకున్నాడు. మనకేం కావాలో పాట అయ్యేదాకా పక్కింటివాళ్లకు కూడా తెలియనివ్వకూడదట. తెలిస్తే పోటీ పెరిగి ధర పెరుగుతుందట. వెనకటికి ఎన్నడూ లడ్డు తేని మనిషి మాట నేనెందుకు పట్టుకున్నానో నాకిప్పటికీ అర్థం కాదు.

నేను జనగామలో డ్రాయింగ్ టీచర్ని. మాది మగ్గం నేసిన కులం. మగ్గాలు ఎప్పుడో పోయాయి కానీ మా కులానికి కథ చెప్పే కుటుంబం ఇంకా ఉంది. మా మూలపురుషుడి కథను పొడవాటి బట్ట మీద వరుసలు వరుసలుగా బొమ్మలు వేయించి, ఆ బట్ట చుట్టను కొంచెం కొంచెం విప్పుతూ, పుల్లతో చూపిస్తూ పాడి చెప్పేవాళ్లు. ఆ బట్టనే పటం అంటారు. చిన్నప్పుడు మా వాడకట్టులో ఆ పటం విప్పినప్పుడు కథ వినకుండా ఎర్ర రంగు వంకే చూస్తూ కూర్చునేదాన్ని. నేను డ్రాయింగ్ టీచర్ కావడానికి ఆ ఎరుపే కారణమని నా నమ్మకం. మాకు కథ చెప్పే తాత చిల్పూర్ దగ్గర పల్లెలో ఉంటాడు. జనగామకు పని మీద వస్తే మా ఇంట్లో చాయ తాగకుండా పోడు.

మొన్న వానాకాలంలో మా డ్రాయింగ్ టీచర్ల గ్రూపులో ఎవరో ఒక లింకు పెట్టారు. ముంబైలోని ఒక వేలం సంస్థ పాత బొమ్మల్ని ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. అందులో ఒకటి తెలంగాణ పటం. ఎరుపు చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. తాత వచ్చినప్పుడు ఫోన్ చూపించాను.

"జర పెద్దగ చెయ్యి బిడ్డా," అన్నాడు.

పెద్దగా చేశాను. ఏనుగు బొమ్మ పక్కన కాలిన చోట నీలం గుడ్డ ముక్క వేసి కుట్టి ఉంది. తాత చాయ గ్లాసు కింద పెట్టాడు.

"గిది మా అవ్వ చీరె ముక్క. దీపం అంటుకుంటే కుట్టింది. గిది మా బాపు పటం. గిది గోదావరిల కలిసింది గద బిడ్డా!"

పటం పాతబడి రంగు రాలిపోతే వాళ్లు దాన్ని అటక మీద పెట్టరు, అమ్మరు. కొత్త పటం రాయించి పూజ చేసి ఇంట్లోకి తెచ్చుకుంటారు. పాతదానికి పసుపు కుంకుమ పెట్టి, చావుకు చేసినట్టే అన్నీ చేసి, గోదావరిలో విడిచిపెడతారు. తాత వాళ్ల నాయిన పటానికి కూడా ఆ కాలం వచ్చినప్పుడు తాతకు జ్వరమట. తమ్ముడు తీసుకుపోయాడు.

"తడి బట్టలతోని వచ్చిండు బిడ్డా," అన్నాడు తాత. "నేనే వానికి తువ్వాల అందిచ్చిన."

తమ్ముడు పటాన్ని అమ్మేసి, తాను మాత్రం మునిగి వచ్చాడన్నమాట. అతను పోయి చాలా ఏళ్లయింది. ఎందుకు అమ్మాడో, ఏ అవసరం పడిందో అడగడానికి మనిషి లేడు. తాత తమ్ముడిని ఒక్క మాట కూడా అనలేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

"నేను పోకముందే దాన్ని నీళ్లకు పంపాలె," అన్నాడు. "లేకుంటే మా బాపుకు మొఖమెట్ల చూపెట్టాలె?"

"గింత మంచి బొమ్మను నీళ్లల్ల పడేస్తవా తాతా?"

"పడేసుడు కాదు బిడ్డా. సాగదోలుడు."

నేనిక వాదించలేదు. ముందు పటం చేతికి వస్తే తర్వాత ముసలాయన్ని మెల్లగా ఒప్పించి ఏదైనా గోడకు పెట్టించవచ్చని లోపల లెక్క వేసుకున్నాను. ఆయనకు దాన్ని సాగనంపాలి, నాకు దాన్ని ఉంచుకోవాలి. ఇద్దరికీ అది రావడమైతే కావాలి.

నిజానికి తాత నన్ను కొనమని అడగలేదు. "వాళ్లకు ఫోన్ చేసి గిది మాదని చెప్పు, ఇస్తరు," అన్నాడు. అంత సులువా అని నవ్వొచ్చినా రాసి చూశాను. చాలా మర్యాదగా జవాబిచ్చారు. ఇప్పటి యజమాని ఎప్పుడో రశీదుతో కొన్నాడని, మాకు అంత ఇష్టముంటే వేలంలో పాల్గొనవచ్చని. మేడ మీద గది వేద్దామని దాచిన డబ్బు ఉంది. మా ఆయన్ని అడిగాను. ఆయన కాసేపు మేడ మెట్ల వైపు చూసి, "ఎవలకూ చెప్పకు మరి," అన్నాడు. అదే ఆయన ఒప్పుకోలు.

ఆన్‌లైన్ వేలంలో ఎట్లా పాడాలో నాకు ఎవరూ నేర్పలేదు, తిట్టుకుంటూ నేర్చుకున్నాను. ముందు ఆధార్, పాన్ పంపి పేరు నమోదు చేసుకోవాలి. వాళ్లు సరేనన్నాక మనకొక నంబరు ఇస్తారు. అక్కడి నుంచి మన పేరుండదు, ఊరుండదు, ఆ నంబరే మనం. తర్వాత వస్తువు పరిస్థితి ఎట్లా ఉందో రాసిన కాగితం అడిగి తెప్పించుకోవాలి. కేటలాగులో బొమ్మ ఎప్పుడూ పెళ్లిచూపుల ఫోటోలాగానే ఉంటుంది. చిరుగులు, చెమ్మ, ఎలుక కొరికిన అంచులు ఆ కాగితంలోనే బయటపడతాయి. నేను వెనక వైపు ఫోటోలు కూడా అడిగాను, పంపారు. బొమ్మ కింద రాసిన అంచనా ధర చూసి సంతోషపడకూడదు. అది పిలుపు మాత్రమే. యజమాని మనసులో పెట్టుకున్న కనీస ధర ఒకటి వేరే ఉంటుంది, అది మనకు చూపించరు. మనం పాడిన దాని మీద సంస్థ కమీషను, దాని మీద పన్ను, ఆపైన పంపే ఖర్చు. ఇవన్నీ ముందే కలుపుకుని, ఇంతకు మించి పోనని ఒక చోట గీత గీసుకోవాలి. బోర్డు మీద సరళరేఖ గీసినంత తేలిగ్గా గీసుకున్నాను నేను.

పాడటానికి రెండు దార్లున్నాయి. మన గరిష్ఠ మొత్తం ముందే చెప్పి వదిలేస్తే ఎదుటివాడు పెంచినప్పుడల్లా యంత్రమే మన తరఫున ఒక మెట్టు పెంచుతుంది. లేదంటే చివరిదాకా కూర్చుని మనమే నొక్కాలి. కుదురు లేని మనిషిని కాబట్టి నేను రెండోదే పట్టుకున్నాను. ఇంకో సంగతి ఉంది. గడియారం ఆఖరుకొచ్చాక ఎవరైనా పాడితే సమయం మళ్లీ కొంచెం పొడిగిస్తారు. చివరి క్షణంలో గుట్టుగా కొట్టేద్దామనుకునే తెలివిపరులకు అక్కడ చోటు లేదు.

పాట బడి లేని రోజు సాయంత్రం పెట్టారు. తాత ఉతికిన ధోవతి కట్టుకుని పొద్దున్నే వచ్చాడు. లాప్‌టాప్ ముందు నేను, నా పక్కన తాత, వెనక నిలబడి మా ఆయన. మొదట్లో నలుగురైదుగురు పాడారు, తగ్గిపోయారు. చివరికి నేనూ ఇంకో నంబరూ మిగిలాం. నేను నొక్కగానే 'పై పాట మీదే' అని వచ్చేది. ఊపిరి తీసుకునే లోపల 'మిమ్మల్ని దాటారు' అని వచ్చేది.

"అవతల ఎవలు బిడ్డా?" అన్నాడు తాత.

"తెల్వదు తాతా. నంబరే కనవడుతది."

మా పల్లెల్లో వేలం పాటకు ఒక మర్యాద ఉంది. మొక్కు ఉన్నవాళ్లో, వస్తువు మీద హక్కు ఉన్నవాళ్లో లేచి చేతులు జోడించి అడిగితే మిగతావాళ్లు ఆగిపోతారు. తాత కుర్చీలోంచి లేచాడు. లాప్‌టాప్‌కు ఎదురుగా నిలబడి చేతులు జోడించాడు.

"అయ్యా, గిది మా బాపు పటం. మీకు దండం పెడ్త. జర ఆగుండ్రి."

'మిమ్మల్ని దాటారు' అని వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. నేను గీసుకున్న గీత దాటాను. మళ్లీ దాటాను. అవతలివాడు ఆగలేదు. మూడోసారి నొక్కబోతుంటే మా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. పాట ముగిసింది. తాత చల్లారిన చాయ మొత్తం తాగి, "నువ్వేం పరేషాన్ కాకు బిడ్డా," అని చెప్పి బస్టాండుకు నడిచిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయనకు అన్నం సయించడం లేదని వాళ్ల కోడలు ఫోన్లో చెప్పింది.

దసరా దాటాక తాతే ఫోన్ చేశాడు. చిట్యాల నుంచి పిలుపు వచ్చిందట. తాత కథ చెప్పే మా కులపోళ్లు అక్కడ కూడా ఉన్నారు, వాళ్లు పటాన్ని కొని తెచ్చారట, వచ్చి కథ చెప్పాలట. హనుమకొండలో బస్సు మారి, పరకాల మీదుగా ముగ్గురం పోయాం. బట్టల దుకాణం నడిపే పెద్దమనిషి ఒకాయన మమ్మల్ని కుల సంఘం ఇంటికి తీసుకుపోయాడు. గోడలు లేచి పైకప్పు లేక ఆగిపోయిన ఇల్లు. ఒక మూల రేకుల కింద, తెల్ల దుప్పటి మీద పటం ఉంది. తాత దాని ముందు కూలబడి నీలం ముక్క మీద చెయ్యి పెట్టాడు.

బట్టల దుకాణం అన్న ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాడు. "ఫోన్ల చూసినమక్కా, మన పటమే అనుకున్నం. ఎవ్వలకు చెప్పలే, చెప్తె ధర పెరుగుతదని. కప్పు కోసం జమ చేసిన పైసలు పెట్టినం. తేలిగ్గనే వస్తుండె గని, బొంబాయి సేఠు ఎవడో కడదాక ఇడువలే. మా పానం తీసిండు."

మా ఆయన కిందికి చూశాడు. దాచడం నా వల్ల కాలేదు.

"ఆ బొంబాయి సేఠును నేనే అన్నా," అన్నాను.

ఆయన ముందు నమ్మలేదు. ఫోన్ తీసి నా నంబరు చూపించాను. పక్కనున్న వాళ్లంతా పగలబడి నవ్వారు. నవ్వు ఆగింది. అందరం పైన లేని కప్పు వైపు చూశాం. ఎవరికీ చెప్పొద్దనే తెలివి జనగామలోనూ చిట్యాలలోనూ ఒక్కటే అయింది. మా పటం మీద మాకు మేమే పాడుకున్నాం.

అప్పుడు తాత అడిగాడు, దాన్ని గోదావరికి ఇవ్వాలని.

"గంత పెట్టి కొని నీళ్లల్ల ఇడుస్తమా తాతా?" అన్నాడు బట్టల దుకాణం అన్న. అద్దం కట్టించి సంఘం ఇంట్లో పెడతామన్నాడు. నిజానికి నేను కోరుకున్నదీ అదే. ఆ గోడ, ఆ ఎరుపు, వచ్చిపోయే పిల్లలు, అన్నీ నా కళ్లముందు కనిపించాయి.

పాట రోజు అంకెలు పట్టించుకోని తాత ఇప్పుడు ధర ఎంతని అడిగాడు. చెప్పారు. ఆయన చెయ్యి పటం మీది నుంచి మెల్లగా తీసేసుకున్నాడు.

"గట్లయితె నేను అడుగ," అన్నాడు. "నా నోట్లకెల్లి ఇగ ఆ మాట రాదు."

ఆ ధరలో సగానికి పైగా నేను పెంచిందే. తక్కువలో వచ్చి ఉంటే ఆయన అడిగేవాడు, వీళ్లు ఇచ్చేవాళ్లు. నేను ఆయన కోసం అనుకుంటూ నొక్కిన ప్రతి నొక్కూ ఆయనకు అడ్డం వచ్చి నిలబడింది. కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. మా ఆయన వైపు చూశాను. ఇన్నేళ్ల కాపురంలో కొన్ని సంగతులు నోటితో అడగక్కర్లేదు.

"పాట గెలిచినా పోయే పైసలే గద," అన్నాడు.

గది కోసం దాచిన డబ్బు సంఘం ఇంటి కప్పుకు ఇస్తామని, పటాన్ని తాతకు వదిలేయమని చెప్పాను. బట్టల దుకాణం అన్న చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. లోపలికి పోయి వాళ్లతో వీళ్లతో మాట్లాడాడు. బయటికొచ్చి, "మొత్తం వద్దక్కా, సగమియ్యి. సగం మా తప్పు," అన్నాడు.

మర్నాడు జీపులో కాళేశ్వరం పోయాం. ఇసుకలో పటాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచి, తాత కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఈసారి నేను కథ విన్నాను. పసుపు, కుంకుమ పెట్టాడు. నడుము లోతు నీళ్లలో ఆయన ఒక కొస పట్టుకున్నాడు, రెండో కొస నాకిచ్చాడు.

"ఇడువు బిడ్డా," అన్నాడు.

నాకు చేతులు రాలేదు. ఆయన తొందరపెట్టలేదు, నీళ్లలో అట్లాగే నిలబడ్డాడు. చివరికి వదిలాను. బట్ట నీళ్లు తాగి కొంచెం దూరం పోయి, నెమ్మదిగా లోపలికి దిగిపోయింది.

తిరిగొస్తూ భూపాలపల్లిలో హోటల్ ముందు జీపు ఆపారు. తాత ఆకలితో తిన్నాడు, పప్పు మళ్లీ అడిగి వేయించుకున్నాడు. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను. ఎంత ఆపుకున్నా కన్నీళ్లు కంచంలో పడుతున్నాయి. అది బట్ట అని, దాని మీద రంగు అని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను.

తాత తన కంచం పక్కకు జరిపి, నా అన్నంలో పప్పు కలిపాడు.

"తిను బిడ్డా," అన్నాడు. "ఇంట్ల మనిషి పోయిన్నాడు గూడ తినాలె."

తిన్నాను.