వంటకు తోక వస్తే మంట

చదవడం, లెక్కలు చేయడం కష్టమయ్యే పిల్లలకు ఎలా నేర్పాలో కరీంనగర్‌లో మాకు శిక్షణ ఇచ్చారు. డిస్లెక్సియా, డిస్కాల్క్యులియా అనే మాటలు పలకడానికే మాలో చాలామందికి నాలుక తిరగలేదు. శిక్షణ ఇచ్చే మేడమ్ మా చేతికి తలో అద్దం ఇచ్చి, అందులో మాత్రమే చూస్తూ పేరు రాయమన్నారు. నా పక్కన కూర్చున్న ధర్మపురి సారుది ముత్యాల్లాంటి దస్తూరి. మొదటి అక్షరం దగ్గరే ఆయన చెమటలు తుడుచుకున్నారు.

"గిది నాతోని కాదు మేడమ్" అని పెన్ను కింద పెట్టేసరికి హాలంతా నవ్వులే.

"మీ క్లాసుల కొందరు పిల్లలకు రోజూ గిట్లనే ఉంటది సార్. కంటికి దొరకని అక్షరాన్ని చేతికి అందియ్యాలె" అన్నారు మేడమ్.

నేను చొప్పదండి దగ్గర ఒక ఊరి బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. ఆ మాట వినగానే నా క్లాసులోని ఒక అమ్మాయి గుర్తొచ్చింది. కథ చెప్పిందంటే అందరూ నోళ్లు తెరుచుకుని వినాల్సిందే. పుస్తకం తెరిస్తే మాత్రం వ, మ ఆమెకు ఒక్కటే. "అమ్మ వంట చేస్తోంది" అన్నదాన్ని "అమ్మ మంట చేస్తోంది" అని చదివింది. అందరితో పాటు తనూ నవ్వింది గానీ, ఆ రోజంతా మళ్లీ పుస్తకం ముట్టలేదు.

శిక్షణలో ఇచ్చిన గరుకు కాగితపు అక్షరాలు ఆమె ముందు పెట్టాను. ఒకసారి వేలితో వాటిని దిద్ది చెయ్యి లాక్కుంది. "వద్దు టీచర్, పండ్లు జిల్లుమంటున్నయ్." ఇసుక పళ్లెం పెడితే పిల్లలంతా చేరి అందులో ఇళ్లు కట్టారు.

ఆమె గురించి మాట్లాడదామని ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. చుట్టాల పెళ్లికి సకినాలు చేస్తున్నారు. పరిచిన తెల్లబట్ట మీద తల్లి పక్కన కూర్చుని, ఆ అమ్మాయి బియ్యప్పిండిని వేళ్ల మధ్య మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు వేస్తోంది. ఎక్కడా తెగడం లేదు.

పలక మీద వ రాసి చూపించాను. "గా పిండితోని గిది చుడ్తవా?"

చుట్టింది.

"ఇప్పుడు కుడిపక్క తోక పెట్టి పైకి లేపు. గది మ."

ఆ అమ్మాయి తోక మీద వేలు ఆనించింది, తీసింది, మళ్లీ ఆనించింది. "తోకుంటే మ, లేకుంటే వ. గంతేనా టీచర్?"

"గంతే."

తల్లికి నవ్వు ఆగలేదు. "గీ సకినాలు జూసి పెండ్లోళ్లు ఏమనుకుంటరో టీచరమ్మా! నూనెల కాల్చిస్త గని, మీరే తీస్కపోర్రి."

ఆ అక్షరాలు బడికి తీసుకెళ్లినప్పటి నుంచి వారానికోసారి పిండి పండగే. పిల్లలు చుడితే మధ్యాహ్న భోజనం వండే అక్క నూనెలో వేసేది. అక్షరం సరిగ్గా చెప్పినవాళ్లకే ఆ అక్షరం. సగం నూనెలోనే విరిగిపోయేవి. విరిగిన ముక్క ఏ అక్షరానిదో చెప్పమని పిల్లలే కొత్త ఆట మొదలుపెట్టారు. అందులో ఆ అమ్మాయిని గెలిచినవాళ్లు తక్కువ.

ఇప్పుడామె ఐదో తరగతి. చదువు ఇంకా నెమ్మదే. వరుస కింద వేలు పెట్టుకుంటుంది, ఒత్తుల దగ్గర ఆగుతుంది. వెనక బెంచీవాళ్లు తొందరపెడితే తలైనా ఎత్తదు.

"జర ఆగుండ్రి, వస్తున్న" అని, తర్వాతి మాట మీదికి వేలు జరుపుతుంది.