మే నెల కొలతలు

మా కెమిస్ట్రీ మేడం పోయారని ఆవిడ చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను బాపట్లలో, కాలేజీ ల్యాబ్‌లో ఉన్నాను. "రేపు పదింటికి రేపల్లెలో భూస్థాపన అమ్మా" అన్నారు. "అలాగేనండి" అన్నాను. ఫోన్ పక్కన పెట్టి, నీళ్లలో నానుతున్న జెల్ ముక్కను తీసి, తుడిచి, తూకం వేసి, అంకె రాసుకున్నాను. పక్కన గ్రాములు అని రాయడం కూడా మర్చిపోలేదు. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

మేడం నా పరిశోధనకు గైడు. అణు రియాక్టర్లలో వాడేసిన ఇంధనంలో ఆక్టినైడులూ లాంథనైడులూ అనే రెండు రకాల లోహాలు కలిసిపోయి ఉంటాయి. కవల పిల్లల్లా ఒకేలా ప్రవర్తించే ఈ రెంటినీ విడదీయడం మహా కష్టం. చల్లగా ఉంటే నీళ్లు తాగి ఉబ్బి, వేడెక్కితే ముడుచుకునే హైడ్రోజెల్ ఒకటి ఉంది. ఉబ్బినప్పుడు అది ఆక్టినైడును పట్టుకుని లాంథనైడును వదిలేయాలి, ముడుచుకున్నప్పుడు పట్టుకున్నది మనకిచ్చేయాలి. అదీ మా పని. ఆక్టినైడుల్లో మా ల్యాబ్‌కు అనుమతి ఉన్నది కొద్దిపాటి థోరియానికే.

మేడం తెనాలి నుంచి రోజూ పాసింజర్‌లో వచ్చేవారు. బ్యాగ్ దించకుండానే గోడమీది థర్మామీటర్ చూసేవారు. మీకు నవ్వు రావచ్చు గానీ, మాకు ఆవిడ గుడ్ మార్నింగ్ అదే. ఎవరైనా నోరుజారి 'సుమారుగా' అంటే, "సుమారుగా కూర వండుకోమ్మా, ఇక్కడ కాదు" అనేవారు.

డిసెంబరులో నా జెల్ చెప్పినట్టు వింది. మే నెలలో థోరియాన్ని ముట్టుకోనే లేదు. థీసిస్ గడువు ముంచుకొస్తోంది. మే నెల కొలతలు తీసేసి, మిగతావి రాసి ఇచ్చాను.

మేడం అంతా చదివి, "వేసవివి ఏవమ్మా?" అన్నారు.

"జెల్ చెడిపోయిందండి. అందుకే వదిలేశాను."

"చెడిపోయిందని ఎవరు చెప్పారు? అవీ పెట్టు. అప్పుడు సంతకం చేస్తా."

నాకు ఒళ్లు మండింది. "మీ పేరుమీద ఒక్క పేపరూ లేదు మేడం. నాకూ రాకూడదనా?" అనేశాను.

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "లేదమ్మా, ఒక్కటీ లేదు. రేపు ఏడింటికి వచ్చెయ్" అన్నారు.

మర్నాడు నాకన్నా ముందే వచ్చి, మట్టికుండలో నీళ్లు పోసి, జెల్ ఉన్న బీకర్లను అందులో నిలబెడుతున్నారు. నేను నమ్ముకున్న విదేశీ వ్యాసంలో 'గది ఉష్ణోగ్రత దగ్గర' అన్నచోట వేలుపెట్టి, "ఏ గదమ్మా ఇది? ఎవరి గది?" అని నవ్వారు. అది చలిదేశపు గది. మా ల్యాబ్ మే నెలలో పొద్దెక్కేసరికే ముప్పై రెండు డిగ్రీలు దాటేస్తుంది, ఆ జెల్ ముడుచుకునేదీ అక్కడే. పాపం, అది తన పని తాను చేసింది. కుండలో పెట్టినవి మండు వేసవిలోనూ థోరియాన్ని పట్టుకున్నాయి.

నా థీసిస్ ఆ మే నెల కొలతల మీదే నిలబడింది. ఆవిడతో అన్న మాటకు మాత్రం క్షమాపణ చెప్పలేదు. నాకు సిగ్గేసేది. బైండు చేయించిన థీసిస్ ఆవిడ చేతికిచ్చేటప్పుడు చెబుదాంలే అనుకున్నాను. ఆ ప్రతి ఇంకా తెనాలిలో బైండింగ్ షాపులోనే ఉంది.

రేపల్లెలో పాస్టర్‌గారి ప్రార్థన అయ్యాక చెల్లెలుగారు నా దగ్గరికి వచ్చారు. "జెల్ అమ్మాయివి నువ్వేనా? నువ్వు ఒక్క కొలత కూడా దాచవని అక్క అందరికీ చెప్పేది."

"దాచానండి" అన్నాను. "మేడమే పట్టుకున్నారు. పైగా నేనే ఆవిణ్ణి అనరాని మాట అన్నాను."

ఆవిడ నా ముఖంలోకి చూశారు. కాస్త పక్కకు జరిగి, గొయ్యి అంచున నాకు చోటిచ్చారు. ఎవరో నా చేతిలో పిడికెడు మట్టి పెట్టారు.

"వేయండమ్మా, వెనక జనం ఉన్నారు."

చెయ్యి చాచాను. వేళ్లు తెరుచుకోలేదు.