రాజుల కోసం దాచిన చెయ్యి

బాబిలోన్ పెద్ద పూజారి రీముత్ కుడి చేత్తో ఏ పనీ చేసేవాడు కాదు.

చెయ్యి బాగాలేక కాదు. ఏడాదికోసారి, కొత్త సంవత్సరం పండుగనాడు, మర్దుక్ దేవుడి ముందు రాజుగారి చెంప ఛెళ్ళుమనిపించాల్సిన చెయ్యి అది. రాజు కంట నీళ్ళొస్తే దేవుడు సంతోషించినట్టు, ఏడాదంతా ఊరు చల్లగా ఉంటుందన్నట్టు. రాకపోతే శత్రువులు మీదపడతారు. అందుకని మిగతా ఏడాదంతా ఆ చేతికి నువ్వుల నూనె రాసి, మెత్తటి ఉన్నిగుడ్డ చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకు తిరిగేవాడు.

ఆ భారమంతా భార్య నుప్తాయా మీద పడింది.

"ఏమండీ, ఈ బిందె ఒక్కసారి పట్టండి."

"దేవుడి చెయ్యే ఇది!"

"పోనీ ఆ తలుపన్నా తీయండి."

"దేవుడి చెయ్యే!" అని కాలితో ఒక్క తన్ను తన్నేవాడు. ఆ ఇంటి తలుపు పైభాగం తాతలనాటిది, కిందిభాగం ఎప్పుడూ కొత్తదే.

తిండి ఎడమ చేత్తోనే. బార్లీ గంజి సగం నోట్లోకి, సగం గడ్డంలోకి. కుడి చేతిమీద దోమ వాలితే ఎడమ చేత్తో కొట్టుకునేవాడు. ఎడమ చేతిమీద వాలిందో, ఇక వీధి వీధంతా వినపడేలా "ఏమే, నుప్తాయా!" అని కేక. శత్రువులు కోట తలుపులు పగలగొట్టిన ఏడాది ఊళ్ళో జనమంతా వెండీ బంగారం దాచుకుంటుంటే, ఈయన తన చేతిని బొంతల కింద దాచుకుని కూర్చున్నాడు. వెండి సంగతి నుప్తాయా చూసుకుంది.

ఆవిడకి ఆ చెయ్యంటే ఎంత విసుగో రాజులన్నా అంతే విసుగు. ఒక ఏడు ఉత్తరాన్నించి అస్సీరియావాడు దిగి "బాబిలోన్ నాది" అనేవాడు. వాడు వెనక్కి తిరిగాడో లేదో, దక్షిణాన రెల్లు దుబ్బుల్లోంచి ఇంకొకడు లేచి "కాదు, నాది" అనేవాడు. మళ్ళీ అస్సీరియావాడు. ప్రతివాడూ తన పేరు అచ్చేయించిన ఇటుకలతో గోడ మొదలెట్టడమేగానీ, పూర్తిచేసిన పాపాన పోలేదు.

"వదినా, ఈ ఏడు రాజెవరు?" అని పక్కింటి కష్షాయా ఉల్లిపాయల ధర అడిగినట్టు అడిగేది.

"ఎవడైతే ఏంటమ్మా. వాడి చెంప వాడిది, మా ఆయన చెయ్యి మా ఆయనది, చాకిరీ నాది."

ఆ ఏడు మళ్ళీ అస్సీరియా రాజే వచ్చాడు. ఈసారి వచ్చినవాడు మామూలువాడు కాదు. అన్నదమ్ముల్ని తొక్కి గద్దెనెక్కాడనీ, వాడు దాటిన ఊళ్ళో ఇటుక మీద ఇటుక నిలవలేదనీ చెప్పుకునేవారు. పండుగకి ముందురోజు వాడి సేనాపతి కిసిర్ పూజారి ఇంటికొచ్చి, చెప్పులతోనే లోపలికి నడిచి పీట మీద కూర్చున్నాడు.

"పూజారిగారూ, మా రాజుగారి ఒంటిమీద చెయ్యి పడితే ఈ ఊరు మిగలదు. గుర్తుంచుకోండి."

"అయితే కొట్టొద్దంటావా?"

"కొట్టకపోతే ఏడవరు. ఏడవకపోతే దేవుడు కాదన్నాడని జనం తిరగబడతారు. అప్పుడు కూడా ఈ ఊరు మిగలదు."

"మరేం చెయ్యమంటావు నాయనా?"

కిసిర్ తల గోక్కున్నాడు. "మెల్లగా కొట్టి గట్టిగా ఏడిపించండి," అన్నాడు. "అయినా ఆయనకి ఏడుపు రాదు. చిన్నప్పుడు తేలు కుట్టినా ఏడవలేదు."

అతను వెళ్ళగానే నుప్తాయా మొగుడి ముందు కూలబడింది.

"జ్వరమని చెప్పి పడుకోండి."

"దేవుడి చేతికి జ్వరమేమిటే?"

"చేతికి కాకపోతే తలకి చెప్పండి. రేపు తెగిపడేది తలే కదా!" అంది. ఈ మనిషితో వేగలేక చస్తున్నానని రోజూ అనేదే గానీ, ఈ మనిషి లేని ఇల్లు ఆవిడ ఊహకి అందలేదు.

మర్నాడు గుడి ముంగిట ఊరంతా నిలబడింది. గర్భగుడిలోకి వెళ్ళేది పూజారీ రాజూ ఇద్దరే. లోపల రాజు కిరీటం, దండం తీసి దేవుడి ముందు పెట్టాలి, ఆ తర్వాతే దెబ్బ.

ఛెళ్ళుమంది.

కిసిర్ చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. నుప్తాయా కష్షాయా భుజాన్ని పట్టుకుంది. అప్పుడు లోపల్నించి, తప్పిపోయి దొరికిన పిల్లాడిలా, ఎవరో బావురుమన్నారు.

రాజు బయటికొచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి, కిరీటం పక్కకి ఒరిగింది. ఎవర్నీ ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. జనం కేరింతలు కొట్టారు. నుప్తాయాకి మాత్రం ఒక సంగతి కనబడింది. పిల్లల్ని పెంచిన మనిషి కదా. అంత చప్పుడు చేసిన దెబ్బకి చెంపమీద ఒక్క వేలి గుర్తయినా లేదు.

మధ్యాహ్నం కిసిర్ మళ్ళీ వచ్చాడు. ఈసారి అతను చెప్పులు బయటే విడిచాడు.

"పూజారిగారూ, రాజుగారు అడగమన్నారు..." అని నీళ్ళు నమిలాడు. "ఆ దెబ్బ ఏడాదికి ఒక్కసారేనా? రేపు ప్రయాణం. పొద్దున్నే ఇంకోటి వేస్తారేమోనని."

"ఏడాదికొకటే. ఆచారం," అన్నాడు రీముత్.

"రాజులకేనా? సేనాపతులకి ఏమైనా..."

"రాజులకే నాయనా."

కిసిర్ ఉసూరుమంటూ వెళ్ళాడు. నుప్తాయా తలుపు మూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏం చేశారు ఆ పిల్లాణ్ణి?"

రీముత్ బట్ట పక్కకి తొలగించి చూపించాడు. తొడ కందిపోయి ఉంది. "చప్పుడు ఇక్కడిది. ఎడమ చేత్తో."

"ఇన్నేళ్ళూ?"

"మొదటి ఏడు నిజంగానే కొట్టానే. ఆ రాజు కళ్ళెర్రజేశాడు, చుక్క రాల్లేదు. దెబ్బలు తినే రాజులయ్యారు వాళ్ళు, నా దెబ్బొక లెక్కా? భయంతో చెయ్యి తీయడం మరిచిపోయాను. కాసేపటికి ఆ మహారాజు తల నా చేతిలోకి వాల్చేశాడు. మెత్తటి చెయ్యి తగిలి ఎన్నాళ్ళయిందో పాపం. అప్పట్నించీ దీన్ని కాయలు కాయకుండా కాపాడుతున్నాను. చెంప మీద పెట్టి, 'అలిసిపోయావా నాయనా?' అని అడుగుతాను. అంతే."

"అందరూ ఏడ్చారా?"

"ఒకడైతే కిరీటం తీస్తుండగానే మొదలెట్టాడు."

నుప్తాయాకి నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది.

"దారినపోయే ప్రతి రాజునీ అడిగారు. ఇంట్లో ఉన్నదాన్ని ఒక్కనాడైనా అడిగారా?"

రీముత్ గతుక్కుమన్నాడు. ఆ మాట ఇన్నేళ్ళలో ఆయనకి తోచనేలేదు. గబగబా ఉన్నిగుడ్డ విప్పి, ఆ కుడి చేతిని భార్య చెంప మీద పెట్టాడు. నిజంగానే వెన్నలా ఉంది.

"అలిసిపోయావా నుప్తాయా?"

రాజులైతే ఏడ్చి ఊరుకున్నారు. నుప్తాయా జవాబు చెప్పింది. కాపరానికొచ్చిన నాటి నుంచి మొదలెట్టి వరసగా చెప్పుకొచ్చింది. దీపాలు పెట్టే వేళకి ఇంకా రెండో రాజు కాలంలోనే ఉంది. రీముత్ భుజం లాగేస్తున్నా చెయ్యి తీయలేదు.