పెద్దమ్మ పరుపుకి పంక్చర్

ఇది నేను నిక్షేపంలాంటి పరుపునొకదాన్ని చంపబోయిన కథ. పరుపు బతికింది, పరువే పోయింది. ఇంట్లో గాలి పరుపు ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ముందు నా తరఫున దానికో దండం పెట్టండి.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. తెనాలిలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, యంత్రాలకు నా అవసరం లేదని తేలాక, సినిమా డైరెక్టర్ అవుదామని హైదరాబాద్ వచ్చాను. ఫిలింనగర్‌లో మా పెద్దమ్మ ఇంట్లో దిగాను. పెద్దమ్మ ముప్ఫై ఏళ్ళు సినిమాలకు బట్టలు కుట్టిన మనిషి. ఆ యేడు స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ, మంచం దిగనని, అన్నం తిననని భీష్మించుకుంది. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. నడుము కింద, ఎముక ఒత్తుకునే చోట చర్మం ఎర్రబడింది. అది పుండుగా మారకుండా పద్మక్క, అంటే పెద్దమ్మ కూతురు, మోటారుతో నడిచే గాలి పరుపు కొంది. ఉదయం, సాయంత్రం వచ్చి చూసుకునే నర్సును కూడా పెట్టింది.

ఇంతలో అక్కకి మూడు రోజుల ఔట్‌డోర్ షూటింగ్ పడింది. పెద్దమ్మను నాకు అప్పగించి వెళ్ళింది. పాలకు పిల్లిని కాపలా పెడితే పాలే పోతాయి. ఇంజనీరును పెడితే గిన్నె కూడా పోతుంది.

ఎర్రగడ్డ నుంచి వచ్చే ఆ నర్సు, లక్ష్మి సిస్టర్, నన్ను నిలబెట్టి పాఠం చెప్పింది.

"జర ఇటు చూడుండ్రి సార్. రెండు గంటలకోసారి అమ్మను పక్కకు తిప్పాలె. పొద్దుగాల రెండు గుడ్లు, మధ్యాహ్నం పప్పు, పెరుగు. కడుపుల పడకుంటే పుండు మానదు. ఇగ ఈ పరుపు సంగతి..."

సరిగ్గా అక్కడ నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఆవిడ పరుపు గురించి ఐదు నిమిషాలు చెప్పింది. నేను ఐదు నిమిషాలు తల ఊపాను.

"సమజైందా?"

"పూర్తిగానండీ!"

ఆవిడ గుమ్మం దాటగానే నా వైద్యం మొదలైంది. జబ్బు మనిషికి గుడ్లేమిటి, లంఖణం పరమౌషధం కదా! పెద్దమ్మకు పల్చటి చారు రెండు చెంచాలు పోసి, గుడ్లు పాడైపోతాయని నేనే తిన్నాను. లంఖణం ఆవిడకి, ఔషధం నాకు.

చెయ్యి తుడుచుకుంటూ పరుపు మీద ఆనించానా, గుండె ఆగినంత పనైంది. అడ్డంగా పేర్చిన గొట్టాల్లో ఒకటి గట్టిగా ఉంది, దాని పక్కది చప్పబడి ఉంది. మళ్ళీ ఒకటి గట్టి, ఒకటి చప్ప. సగం పరుపులో గాలి లేదు!

"పెద్దమ్మా, పంక్చర్!"

"నాకా?" అంది పెద్దమ్మ.

కృష్ణానగర్ మలుపులో టైర్లకు పంక్చర్లు వేసే యాదగిరి నాకు తెలుసు. ఫోన్ చేస్తే గాలి పంపు, రబ్బరు ముక్కలు, మధ్యాహ్నం తినే డబ్బా సహా మెట్లెక్కి వచ్చాడు. యాభై దాటిన మనిషి.

"బండి యాడుంది సార్?"

"బండి కాదు, పరుపు."

అతను పెద్దమ్మను చూశాడు, పరుపును చూశాడు, నన్ను మాత్రం కొంచెం ఎక్కువసేపు చూశాడు.

"జూబ్లీ హిల్స్ల కోట్ల బండ్లు చూసిన సార్. మనిషి పండుకున్న బండి గిదే ఫస్టు."

ఆరు వారాలుగా నర్సు బతిమాలినా మంచం దిగని పెద్దమ్మ, "నన్ను కుర్చీలో కూర్చోపెట్టండర్రా, ఈ తమాషా నేనూ చూడాలి" అంది. ఇద్దరం జాగ్రత్తగా పట్టుకుని దించాం. యాదగిరి చప్పబడ్డ గొట్టాలకు సబ్బు నురగ పూశాడు. రంధ్రం ఉంటే బుడగ రావాలి. రాలేదు. పది నిమిషాలు ముక్కు ఆనించి చూశాం. మేం చూస్తుండగానే చప్ప గొట్టాలు మెల్లగా ఉబ్బాయి. అప్పటిదాకా గట్టిగా ఉన్నవి నీరుగారిపోయాయి.

యాదగిరి రెండడుగులు వెనక్కి వేశాడు. "సార్... పంక్చర్ పక్క గొట్టంలకు పోయింది!"

"అదెలా పోతుందయ్యా?"

"ముప్పై ఏండ్లసంది చేస్తున్న. నడిచే పంక్చర్ ఎన్నడు చూడలే."

"ఒరేయ్, అది ఊపిరి పీలుస్తోందేమోరా" అంది పెద్దమ్మ. ఆ గదిలో బుద్ధి ఉన్న మాట అదొక్కటే. ఇంజనీర్లు అలాంటివి వినరు.

ఆలోచించి అలిసిపోయి యాదగిరి డబ్బా విప్పాడు. జొన్నరొట్టె, కోడిగుడ్డు పులుసు. గది ఘుమఘుమలాడింది.

"ఏమిటయ్యా అది?" అంది పెద్దమ్మ.

"మా ఇంటామె చేసింది. జర తింటవా అమ్మా?"

చెంచా చూస్తే పెదవులు బిగించే మనిషి రొట్టె, గుడ్డు, పులుసు అన్నీ తిని వేళ్ళు నాకింది. నాకది గొప్పగా తోచలేదు. నా బుర్రంతా పరుపులోనే ఉంది మరి.

చివరికి పరిష్కారం నేనే కనిపెట్టాను. మోటారు పీకేసి, యాదగిరి పంపుతో గొట్టాలన్నిటినీ నిండా ఊదించి, మూతులు సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టించాను. పరుపు బండరాయిలా తయారైంది. పెద్దమ్మను దాని మీద వెల్లకిలా పడుకోబెట్టాం.

"రోలు మీద పడుకున్నట్టుందిరా" అని ఆవిడ మూలిగింది.

"అలవాటవుతుంది పెద్దమ్మా" అన్నాను. యాదగిరిని పంపించి, నా ప్రతిభ గురించి ఫోన్లో అక్కకి, అమ్మకి, ఇద్దరు స్నేహితులకి చెప్పాను. ఆ గొప్పల్లో మూడు గంటలు గడిచాయి. పెద్దమ్మను ఒక్కసారీ పక్కకు తిప్పలేదు.

సాయంత్రం లక్ష్మి సిస్టర్ వచ్చి పరుపు మీద చెయ్యి వేసింది. సైకిల్ ట్యూబు ముడి చూసింది.

"ఏంది సార్ గిది?"

"రిపేరండీ. సగం గొట్టాలు ఖాళీ అయిపోతుంటే..."

"ఖాళీ కావాలె సార్! వంతులేసుకొని ఖాళీ అయితయి, నిండుతయి. ఒక్క జాగలనే ఒత్తుడు పడకుండ. గదే దాని పని! పొద్దుగాల చెప్పిన గద, తల ఊపిండ్రు గద!"

నేను మళ్ళీ తల ఊపబోయి ఆపుకున్నాను.

ఆవిడ పెద్దమ్మను పక్కకు తిప్పి ఎర్రబడ్డ చోట వేలితో నొక్కింది. పొద్దున నొక్కితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడ్డ చర్మం, ఇప్పుడు ఎర్రగానే ఉండిపోయింది. ఎరుపు కాస్త పాకింది కూడా. పుండు మొదలయ్యే గుర్తట అది. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"పెద్దమ్మా..." అన్నాను.

"ఊరుకోరా. జాకెట్టు పాడుచేస్తే కుట్లు విప్పి మళ్ళీ కుట్టుకుంటాం" అంది.

పరుపు మళ్ళీ మోటారెక్కింది. ఫోన్లో అలారం పెట్టుకుని, రెండు గంటలకోసారి లేచి, మిగిలిన రెండు రోజులూ పెద్దమ్మను నేనే అటూ ఇటూ తిప్పాను. అక్క వచ్చేనాటికి ఎరుపు తగ్గడం మొదలైంది.

అసలు దెబ్బ వేరే ఉంది. ఆ సాయంత్రమే సిస్టర్ తిండి సంగతి అడిగినప్పుడు పెద్దమ్మ కోడిగుడ్డు పులుసు కథంతా చెప్పింది. లక్ష్మి సిస్టర్ నా దగ్గర నంబరు తీసుకుని వెంటనే యాదగిరికే ఫోన్ చేసింది.

"అన్నా, రేపటిసంది మధ్యాహ్నం ఈడికొచ్చి తినరాదే? రెండు డబ్బాలు తేవాలె."

నెల తిరిగేసరికి గాజులు మణికట్టు దగ్గర నిలిచాయి. పరామర్శకు వచ్చినవాళ్ళు ఏ డాక్టరు చూశాడని అడిగితే పెద్దమ్మ గంభీరంగా, "కృష్ణానగర్‌లో పంక్చర్ల స్పెషలిస్టు ఉన్నాడమ్మా, ఇంటికే వస్తాడు" అనేది. ఇద్దరు నంబరు కూడా రాసుకున్నారు.

నా బీటెక్ పట్టా మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: చక్కగా పనిచేస్తున్న వస్తువును ఇక జన్మలో బాగుచేయను. జబ్బు మనిషి గుడ్లు జన్మలో తినను. నర్సు మాట్లాడేటప్పుడు తల ఊపను. ఊపినా, ఫోన్ జేబులో పెట్టి ఊపుతాను.